కావ్యకు పెట్టిన పిజ్జా

ఆదివారం, పెత్రమాస

నిన్న హైదరాబాద్‌లో ఒక పార్కుకు పోయి తెచ్చిన ఇటలీ పిజ్జాను ఇవాళ చనిపోయినవాళ్లకు పెట్టే అమాస అని నా బిడ్డ కావ్య ఫొటో ముందర పెట్టాను. మా వదిన మూతి తిప్పింది.

"పోయినోళ్లకు పిజ్జా పెడ్తరా ఎవలన్న? గారెలు పెట్టాలె."

"గారెలు పిల్ల ఎన్నడు ముట్టలే వదినా. నువ్వు ఊకో."

పోయినేడు బడి పిల్లలతో అదే పార్కుకు పోతూ, అక్కడ పిజ్జా తింటానని కావ్య అడిగింది. పులిహోర కట్టిచ్చిన కదా అని కసిరాను. పిజ్జా షాపు ముందర నిలబడి చూసి వచ్చిందట.

నిన్న అక్కడే వేడివేడిగా ఒక ముక్క తిన్నాను. ఉప్పు లేదు, కారం లేదు, అంచంతా మాడింది. అంత దూరం పోయి తినేంత గొప్పదేం కాదు. నా మీద నాకే ఒళ్లు మండుతోంది. ఆనాడు తిననిచ్చి ఉంటే, బాగలేదమ్మా అని ఒక్క కొరుకు కొరికి పారేసేది. అదన్నా చేయనియ్యలేదు నేను.