సంతకం పెట్టని కాగితం

లాంకస్టర్, పెన్సిల్వేనియా
2019 అక్టోబరు 9, బుధవారం

ప్రియమైన ఎర్నస్టీన్‌కు,

వెల్డా రాస్తున్నది. మోకాలి సంగతి తప్పిస్తే నా ఒంట్లో బాగానే ఉంది. నీ రక్తపోటు అదుపులో ఉందనీ, వంటింటి కిటికీ ఈపాటికి బాగు చేయించుకున్నావనీ అనుకుంటున్నాను. ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, నేనూ సగంలోనే ఆపేస్తాను.

నువ్వు పంపిన కాగితం అందింది. నీకు తెలివి తప్పిన స్థితి వస్తే నీ వైద్యం గురించి నిర్ణయించే మనిషిగా నీ కూతురు కారిన్ పేరు కొట్టేసి నా పేరు రాశావు. నేను సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు చీటీలు అతికించావు. ఆ కాగితాన్ని ఈ ఉత్తరంతోపాటే తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు. పెట్టను.

కోపం తెచ్చుకోకుండా చదువు. తెచ్చుకున్నా సరే, చదువు.

ముందు ఇక్కడి సంగతి. పోయిన నెల ఈ ఎర్ర పైకప్పుల వృద్ధుల నివాసానికి నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, “ఎర్రకప్పుల ఊళ్లో నువ్వు రాణివమ్మా, నేను ఈ పాతకొంపలో బూజు దులుపుకుంటూ ఉంటాను” అన్నావు. నవ్వుతూనే అన్నావు గానీ నీ కళ్లు నా చిన్న ఇంటి గోడలను తడుముతూనే ఉన్నాయి. ఈ రాణివాసం ఎలా ఉంటుందో చెబుతాను విను. భోజనాల హాలుకు చేతికర్రతో వస్తే ఫర్వాలేదు. నాలుగు కాళ్ల నడక బండితో వస్తే మాత్రం దాన్ని తలుపు బయటే వదలాలి. ఆ నియమం యాజమాన్యం పెట్టింది కాదు, ఇక్కడ ఉండేవాళ్లే పోరి పెట్టించుకున్నారు. కళ్లెదుట ఆ బండ్లు కనిపిస్తే తిండి సయించదట. ఇవాళ గట్టిగా నడిచేవాళ్లు నడవలేనివాళ్లను చూసి ముఖం తిప్పుకోవడం, అదీ ఇక్కడి మర్యాద.

మా బల్ల దగ్గర లెలాండ్ అని ఒకాయన ఉన్నాడు. ఆయన భార్య ఆర్విల్లాను జులైలో, మతి తప్పినవాళ్లనూ మంచాన పడ్డవాళ్లనూ ఉంచే అటువైపు భవనానికి మార్చారు. “అటువైపు” అంటే చాలు, ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. మొదటి వారం ఆమె ఎలా ఉందని అందరూ అడిగారు. రెండో వారం ఇద్దరు అడిగారు. మూడో వారానికి, చోటు ఇరుకవుతోందని ఆమె కుర్చీ తీయించారు. నిన్న ఎవరూ అడగకుండానే లెలాండ్, “ఇవాళ మా ఆవిడ నాలుగు చెంచాల సూపు తాగిందండీ” అన్నాడు. అందరూ కాఫీ కప్పుల్లోకి చూశారు. నేనూ చూశాను. ఇందుకా మనం చోటు కోసం నాలుగేళ్లు తిరిగింది?

తిరిగిన రోజులు మాత్రం బాగుండేవి, ఆ మాట కాదనను. ఏడు చోట్లు చూశాం. ఏడు చోట్లా వాళ్లు పెట్టిన భోజనం తిన్నాం. నువ్వు చేతిసంచిలో టేపు పెట్టుకొచ్చి, చక్రాల కుర్చీ పడుతుందా లేదా అని తలుపులన్నీ కొలిచేదానివి. మూడోచోట, చూపించడానికి ఉంచిన స్నానాలగదిలో సహాయం కోసం లాగే తాడును నువ్వు నిజంగానే లాగేశావు. “ఒసేయ్ వెల్డా, గడియారం చూడు, వీళ్ల బండారం తేలిపోతుంది” అన్నావు. పదకొండు నిమిషాలకు ఒకావిడ నోట్లో ఏదో నములుతూ వచ్చింది. “నేను ఎనిమిది నిమిషాల కిందటే పోయానమ్మా, పువ్వులు తెచ్చావా?” అని నువ్వు అడిగితే ఆవిడ ముఖం చూడాలి! ఎర్రకప్పుల చోట మూడు నిమిషాల్లో వచ్చారు. అందుకే ఇదే మనదని తేల్చింది నువ్వు. పక్కపక్క ఇళ్లు, మధ్యలో ఒక్క గులాబీ పొద అని గీత గీసి మరీ చూపించింది నువ్వు.

ఆఖరికి ఇక్కడ నీకు చోటు రాలేదు, నాకు వచ్చింది.

చేర్చుకునే ముందు వాళ్లు పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్ష గదిలోంచి నువ్వు బయటికి వస్తూ, “గుర్తుపెట్టుకోమన్న ఐదు మాటలూ చెప్పాను, అడక్కపోయినా వెనకనుంచి కూడా చెప్పాను” అన్నావు. నీకెన్ని గుర్తొచ్చాయని నన్ను అడిగావు. నాకూ ఐదూ అన్నాను. పది రోజులకు వాళ్ల ఉత్తరాలు వచ్చాయి. నన్ను రమ్మన్నారు. నువ్వు సొంతంగా ఇంట్లో ఉండగలవని చెప్పలేమన్నారు, కావాలంటే అటువైపు భవనానికి దరఖాస్తు పెట్టుకోమన్నారు. అటువైపుకి! తలుపులు కొలిచిన మనిషిని.

మార్చిలో నువ్వు కిరాణా కొట్టునుంచి ఇంటికి వస్తూ దారి తప్పి, రెండు గంటలు ఎటెటో తిరిగి వచ్చిన సంగతి వాళ్లకు తెలిసిపోయిందని ఆ ఉత్తరం చదవగానే నీకు అర్థమైంది. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, కారిన్ ఒకతె, నేనొకతె. నువ్వు ఒక్క క్షణం కూడా నా వైపు చూడలేదు. ఆ ఆదివారం నీ వంటింట్లో కూతుర్ని నిలబెట్టి అడిగావు. నేను పళ్లాలు తుడుస్తున్నాను.

“నన్ను నీ ఇంటికి లాక్కుపోవాలని నువ్వే వాళ్లకు చెప్పావు కదే?” అన్నావు.

“అమ్మా, నేను వాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఒట్టు” అంది.

“నా ఇంట్లో నిలబడి నాకే అబద్ధం చెప్పకు. నువ్వు తెచ్చిన గిన్నె తీసుకుని వెళ్లు.”

కారిన్ నా వైపు చూసింది, ఏమైనా అంటానేమోనని. నేను తుడిచిన పళ్లాన్నే మళ్లీ తుడిచాను. ఆమె గిన్నె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఇప్పటికి ఐదు నెలలు. ఇద్దరూ మాట్లాడుకోలేదు.

పోయిన శనివారం కారిన్ ఇక్కడికి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. “ఆంటీ, అమ్మ నా పుట్టినరోజుకి కూడా ఫోను ఎత్తలేదు. నేను చెప్పలేదని మీరైనా ఒక్కసారి చెప్పండి. మీ మాటైతే వింటుంది” అంది. మెల్లగా అన్నీ సర్దుకుంటాయని చెప్పి కాఫీ పోశాను. కాఫీ తాగకుండానే లేచింది. ఎర్నస్టీన్, ఆ పిల్ల నీకోసం తన ఇంట్లో కింది గది ఖాళీ చేయించి, మెట్ల దగ్గర పట్టుకోవడానికి కడ్డీ వేయించిందట, ఏప్రిల్లోనే. నీకు తెలుసా? ఇక్కడ నాకు ఎన్ని కడ్డీలున్నాయో! స్నానాలగదిలో, మంచం పక్కన, గుమ్మంలో. నా కోసమని వేసింది ఒక్కటీ లేదు. అన్ని ఇళ్లకూ వేసినట్టే వేశారు.

అందుకే చెబుతున్నాను. నీ తరఫున మాట్లాడాల్సింది కారిన్, నేను కాదు. నీకన్నా రెండేళ్లు పెద్దదాన్ని. ఆసుపత్రి వాళ్లు ఫోను చేసేనాటికి నేను ఎవరో నాకే గుర్తుండకపోవచ్చు. నా పేరు కొట్టెయ్. కూతురికి ఫోను చెయ్.

నీ
వెల్డా

తాజా కలం: పైన రాసినవన్నీ నిజాలే. కానీ సంతకం పెట్టకపోవడానికి కారణం అవి కావు. పోస్టుకు వెళ్దామని సంచి సర్దుకుని కవరు అంటించబోయి మళ్లీ కూర్చున్నాను.

వాళ్లకు చెప్పింది నేను.

పరీక్షలయ్యాక నువ్వు కారు తీయడానికి వెళ్లావు. చేతితొడుగు మరచిపోయానని నేను లోపలికి వెళ్లాను. చేతితొడుగు నా జేబులోనే ఉంది. దరఖాస్తులు చూసే అమ్మాయి ఏమీ అడగలేదు. నేనే తలుపు వేసి, నువ్వు దారి తప్పావని చెప్పాను. పొయ్యి ఆర్పడం మరచిపోతున్నావని చెప్పాను. పొయ్యి సంగతి ఒక్కసారే జరిగింది, అదీ నేను నీతో కబుర్లాడుతుంటే. ఇక ఆ రోజు వంతెన మూసేశారనీ, పక్కదారి చూపే బోర్డు గాలికి పడిపోయిందనీ నాకు తెలుసు. మర్నాడు నేను కళ్లారా చూశాను. అది మాత్రం చెప్పలేదు. ఐదు మాటల్లో నాకు గుర్తొచ్చినవి మూడే. అదీ చెప్పలేదు.

నీ మంచికేనని చాలా రోజులు అనుకున్నాను. అబద్ధం. మతి తప్పిన మా ఆయన హార్లన్‌ను తొమ్మిదేళ్లు చూసుకున్నాను. కట్టుడు పళ్లు పిండి డబ్బాలో దాచేవాడు. చివరి రెండేళ్లు నన్ను “ఈ పనిమనిషి ఎవరు” అని అడిగేవాడు. ప్రతి గురువారం నువ్వు వచ్చి అతని దగ్గర కూర్చుంటేనే నేను కాస్త నిద్రపోయేదాన్ని. ఇంకెవరూ రాలేదు. నువ్వు దారి తప్పావనగానే, పక్కింట్లో మళ్లీ అదే మొదలవుతుందని నాకు వణుకు పుట్టింది. ఈసారి గురువారాలు నావి. నేను చేయలేననుకున్నాను. చేయకూడదనుకున్నాను. చేయలేనని నీతో చెప్పి ఉంటే నన్ను తిట్టి, నవ్వి, వేరేదేదో ఆలోచించేదానివి. నేను నీ కూతుర్ని బలిపెట్టాను.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు ఆలోచనలో పడతావు, ఆ కాసేపు కూడా కారిన్‌కు నష్టమే.

ఇవే మాటలు వేరే కాగితం మీద కారిన్‌కు రాశాను. రెండు కవర్లూ ఒకేసారి పోస్టులో వేస్తున్నాను. శనివారానికల్లా ఆమె నీ గుమ్మంలో ఉంటుంది. తలుపు తియ్యి. ఆమె వెనక నేనుంటానేమోనని చూడకు.