నేల తడి

తిరుపతి,
జూన్ 16, 2025

స్రవంతీ, నా తల్లీ,

ఫోన్‌లో అయితే నేను రెండో మాట ఎత్తుకునేలోపే నువ్వు డ్యూటీ చేసే గూడూరు స్టేషన్‌లో ఏదో రైలు వస్తుంది. "సరేలేమ్మా, మళ్లీ చేస్తా" అని నువ్వు పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీని మధ్యలో రైలు రాదు.

నీ కూతురు కోమలిని చదువుకు నా దగ్గర వదిలి, దానికి సరైన ఫుట్‌బాల్ క్లబ్బు చూడమని నాకు అప్పగించావు. నెలాఖరులోపు కుదరకపోతే ఆట మాన్పించి, అదే సాయంత్రం వేళకు లెక్కల ఫౌండేషన్ కోర్సులో వేసేస్తానన్నావు. ఆరో తరగతి పిల్లకు అది సబబే అనిపించింది. లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని, నాకు కాక ఇంకెవరికి అనిపిస్తుంది? కానీ ఆ మాట విన్నప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి వెళ్లి ఎందుకు వచ్చానో మరిచిపోతున్నాను. పాలు రెండుసార్లు పొంగిపోయాయి.

రేణిగుంట రోడ్డులోని అకాడమీ నాకు నచ్చి, పిల్లను అందులో చేర్చాను. పచ్చగా పరిచిన నేల, పెద్ద లైట్లు, పిల్లలందరికీ ఒకే రంగు చొక్కాలు. రూపేష్ అని పాతికేళ్ల కోచ్, మర్యాదస్తుడు. నేను నోటు పుస్తకంలో గళ్లు గీసుకుని, చేతి గడియారం ముందు పెట్టుకుని, మూడు సాయంత్రాలు మెట్ల మీద కూర్చున్నాను. పిల్ల ఎన్ని నిమిషాలు పరుగెత్తింది, ఎన్నిసార్లు బంతి తాకింది, ఎంతసేపు ఊరికే నిలబడింది, అన్నీ రాశాను. తరగతిలో ఎవరి మంచీ చెడ్డా నేను ఊహించి చెప్పలేదు, ఇక్కడా చెప్పను. రెండు వారాలు చూసి తేలుస్తాను.

అలిపిరి వైపు బడి మైదానంలో ఇంకొక క్లబ్బు ఉంది. అక్కడ పిల్లలు ఆటకు ముందు పది నిమిషాలు రాళ్లు ఏరుతారట. అది మనకు వద్దు. ఎందుకని నన్ను అడగవద్దు.

మీ అమ్మ,
చంద్రకాంతమ్మ


తిరుపతి,
జూన్ 29

స్రవంతీ,

లెక్క తేలింది. అకాడమీలో ఈ రెండు వారాల్లో నాలుగు మ్యాచ్‌లు జరిగాయి. మొత్తం నూట అరవై నిమిషాలు. అందులో మన పిల్ల ఆడింది పందొమ్మిది. మిగతా సేపంతా తెల్లగీత బయట చేతులు కట్టుకుని నిలబడింది. పుస్తకం రూపేష్ ముందు పెట్టాను. "ముందు టోర్నమెంట్ టీమ్‌ను రెడీ చెయ్యాల మేడమ్. మిగతా పిల్లలకు చూడ్డం కూడా ట్రైనింగే" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, వాళ్ల పద్ధతి అదే. గెలిచే పిల్లలు ఆడతారు, మిగతావాళ్లు వాళ్లను చూస్తారు.

ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తుంటే కోమలి అంది కదా, "అవ్వా, నన్ను ఆ మ్యాథ్స్ కోర్సులోనే వేసేయ్‌లే. ఆడా కూర్చునేదే, ఈడా నిలబడుకునేదే. ఆడైతే ఫ్యాన్ ఉంటాది."

ఏడుస్తూ అనలేదు. చాలా మామూలుగా అంది. అందుకే నాకు భయం వేసింది. పదకొండేళ్ల పిల్ల ఇంత తొందరగా సర్దుకోవడం నేర్చిందే అని భయం. ఆ సర్దుకునే ముఖం నేను ఇంతకుముందు చూశాను. అది నీ ముఖం.

ఇప్పుడు చెబుతాను, అలిపిరి మైదానం ఎందుకు వద్దన్నానో. అక్కడి కోచ్ రాజారత్నం సార్. మన బడిలో ఆటల టీచరు. నీకు గుర్తుండే ఉంటాడు. మంగళ, శుక్రవారాల్లో ఆఖరి పీరియడ్ ఆయనది. పోర్షన్ పూర్తి కాలేదని దాన్ని నేను తీసుకునేదాన్ని. మొదటి ఏడాది అడిగి తీసుకున్నాను. తర్వాత అడగడం మానేశాను. నేను చాక్‌పీసు పట్టుకుని క్లాసులోకి పోతే, ఆయన గుమ్మం దాకా వచ్చి, విజిల్ జేబులో వేసుకుని తిరిగి వెళ్లిపోయేవాడు. ప్రతి బడిలోనూ జరిగేదే, నేనొక్కదాన్నే చేశానా అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను.

ఒక మంగళవారం మాత్రం ఆయన వెనక్కి పోలేదు. చంకలో బంతి పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "మేడమ్, ఈ పొద్దొక్కటి ఇడిసిపెట్టండి. పిల్లోళ్లు బూట్లు తెచ్చుకోనుండారు" అన్నాడు. "మీ బంతి మార్కులు వేస్తుందా సారూ?" అన్నాను నేను, క్లాసు మొత్తం వింటుండగా. పిల్లలందరూ నవ్వారు. మూడో బెంచీలో నువ్వు నవ్వలేదు. నీ కాళ్లకు బూట్లున్నాయి. అది చూసి కూడా బోర్డు వైపు తిరిగి భిన్నాలు మొదలుపెట్టాను.

ఆయనా నేనూ కలిసి పనిచేసింది పదకొండేళ్లు. ఏడాదికి డెబ్బై చొప్పున ఏడువందల డెబ్బై పీరియడ్లు. ఎన్నిసార్లు కూడినా అంతే వస్తోంది. అలాంటిదాన్ని, ఇప్పుడు నా మనవరాలిని ఆడించమని ఆ మనిషిని ఏ ముఖంతో అడగను? అడగకుండా ఈ పిల్లను ఫ్యాన్ కింద ఎలా కూర్చోబెట్టను?

రేపటితో గడువు అయిపోతుంది. నాకు ఇంకో పది రోజులు ఇవ్వు. నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఇది అడుగుతున్నాను.

అమ్మ,
చంద్రకాంతమ్మ


తిరుపతి,
జూలై 9

స్రవంతీ, బంగారూ,

పోయిన బుధవారం కోమలిని తీసుకుని అలిపిరి మైదానానికి వెళ్లాను. వెళ్లానే గానీ లోపలికి అడుగు పడలేదు. గేటు దగ్గరే అటూ ఇటూ తిరుగుతున్నాను. గోడ వారగా ఒకావిడ కూర్చుని ఉంది. మునెమ్మ అని, ఆమె మనవరాలు కూడా అక్కడే ఆడుతుంది. నన్ను కాసేపు చూసి, "ఏం టీచరమ్మా, గేటుకు కాపలా కాస్తాండావా? మా సారు కరిసే రకం కాదులే, పో లోపలికి" అంది. నేను టీచరునని ఎలా తెలిసిందని అడిగాను. "నడక సూస్తే తెలీదా? పరీచ్చ హాల్లో తిరిగినట్టు తిరగతాండావు" అని నవ్వింది.

రాజారత్నం సార్‌కు తల పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, విజిల్ నోట్లోంచి తీసి, "రాండి మేడమ్. ఏం, పోర్షన్ ఇంకా మిగిలుండాదా?" అన్నాడు.

ఆ దెబ్బ నాకు రావలసిందే. నేను తల వంచుకుని, "ఏడువందల డెబ్బై సారూ. మీ దగ్గర తీసుకున్నవి" అన్నాను. ఆయన కోమలిని చూసి, "నువ్వు పో పాపా, రాళ్లు ఏరు. తలా ఇరవై" అని పంపించాడు. నాతో, "రేపు రాండి మేడమ్, మీకొకటి సూపించాల" అన్నాడు.

మరునాడు ఒక పాత డైరీ తెచ్చాడు. ఆటల పీరియడ్ జరగని రోజున కారణం రాయాలట. నేను తిప్పి చూశాను. మంగళవారం: నేల తడి, ఆటలు లేవు. శుక్రవారం: నేల తడి, ఆటలు లేవు. ఆగస్టులో నేల తడి. మార్చిలో నేల తడి. ఊరంతా ట్యాంకర్ల వెంట బిందెలు పట్టుకుని పరుగెత్తిన ఏప్రిల్‌లో కూడా నేల తడి!

"లెక్కల మేడమ్ తీసుకునింది అని రాస్తే మీకు మెమో ఇస్తారు. అప్పటికి మీ ఆయన పోయి ఏడాది కూడా కాలా. ఎందుకొచ్చిందిలే అని రాసినా. ఆ తర్వాత సేతికి అలవాటై పాయ" అన్నాడు.

"తనిఖీకి వచ్చినవాళ్లు అడగలేదా?"

"ఒకాయన అడిగినాడు. ఎండాకాలం మన జిల్లాలో నేల తడి ఏందప్పా అని. బోరు పైపు పగిలింది సార్ అన్నా."

నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. నా మీద కోపం లేదా అని అడిగాను. "ఎందుకుండదు మేడమ్? శానా ఉన్నింది. ఆ పొద్దు పిల్లోళ్ల ముందర మీరన్న మాటకు రెండు దినాలు అన్నం సయించలా. మూడో బెంచీలో మీ పాప నవ్వలేదు సూడు, అది కూడా గుర్తుండాది నాకు." డైరీ నా చేతిలోంచి తీసుకుని, షరతు చెప్పాడు. "బిడ్డను సేర్సుకుంటా. ఐదు నుంచి ఆరున్నర దాకా నా పీరియడ్. మీరు గోడ బయట కూర్సోవాల. పుస్తకం, గడియారం ఇంట్లో పెట్టి రావాల."

ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం తేలికే, ఉండడమే కష్టం. మొదటి రెండు రోజులు నా చెయ్యి మణికట్టు వైపే పోయింది. "యాడికి పోతాదిలే టైము" అని మునెమ్మ ఎగతాళి చేసింది. గోడ మీదుగా చూడడం మాత్రం ఆయన వద్దనలేదు కాబట్టి చూశాను. కోమలి కాలి కిందనుంచి బంతి జారిపోయి అవతలి జట్టుకు గోల్ అయింది. పిల్ల బిక్కచచ్చి గీత బయటికి రాబోయింది, అకాడమీలో నేర్చిన అలవాటు. ఆయన అరవలేదు. బంతి తెచ్చి అదే చోట పెట్టి, "ఇంకోసారి" అన్నాడు. అక్కడ గీత బయట నిలబడే పిల్లలు లేరు. ఇంత చిన్న సంగతి చూడడానికి నాకు గళ్ల పుస్తకం అవసరం లేకపోయింది.

నిన్న మంగళవారం. నాలుగున్నరకు కొండ మీదనుంచి వాన దిగింది. అరగంటలో మైదానం బురదైపోయింది. కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చారు. నేనూ లేచి, "సారూ, నేల తడిసిపోయింది. ఈ పూట ఉండదేమో" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. "ఉంటాది మేడమ్. అన్నేళ్లు పొడి నేలను తడి అని రాసి ఆట ఆపినా. ఈ పొద్దు నిజంగానే తడి. ఆడిస్తా" అని విజిల్ ఊదాడు.

నేను వెళ్లి గోడ దగ్గర కూర్చున్నాను. ఆట అయ్యాక ఒక బురద బొమ్మ నా వైపు వచ్చింది. జడలను బట్టి మన పిల్ల అని పోల్చుకున్నాను. "ఎంతసేపు ఆడావే?" అన్నాను. "తెలీదవ్వా. నువ్వు రాసుకోలా?" అంది. లేదన్నాను. మాకిద్దరికీ తెలియదు.

ఫౌండేషన్ కోర్సు వద్దు. లెక్కలు ఆదివారం పొద్దున నేను చెబుతాను. ఐదు నుంచి ఆరున్నర మాత్రం ముట్టుకోను, నిన్నూ ముట్టుకోనివ్వను.

ఇంకొక సంగతి. మంగళవారాల్లో చివరి పది నిమిషాలు పిల్లలతో పాటు పెద్దవాళ్లను కూడా ఆడిస్తాడట. "ఆ మూడో బెంచీ పాపను రమ్మను మేడమ్" అన్నాడు. వచ్చే మంగళవారం సెలవు పెట్టి రా. బూట్లు తెచ్చుకో. పాత బట్టలు కట్టుకో, నేల తడిగా ఉంటుంది.

నీకు ఒక పీరియడ్ బాకీ ఉన్న
అమ్మ