నీలి కాగితం అంటించిన టార్చ్

మార్చి 4

కొత్త అమ్మాయి చేరి ఇవాళ్టికి నెల. మా మ్యూజియంలో యుద్ధకాలపు గ్యాలరీ పని ఆమెకిచ్చారు. పంతొమ్మిదేళ్లుగా స్టోర్‌లో ఆ వస్తువుల దుమ్ము దులిపి, నంబర్లు వేసి, రిజిస్టర్ రాసింది నేను. బాంబు పెంకులు, గ్యాస్ మాస్కులు, కిటికీ అద్దాలకు అంటించిన కాగితం పట్టీలు, ఏది కావాలన్నా కళ్లు మూసుకుని తీసివ్వగలను. ఆమెకింకా ముప్పై నిండలేదు. గ్లవ్స్ మర్చిపోతుంది. అయినా ఆమె రాగానే డైరెక్టర్ కుర్చీ లాగి మరీ కూర్చోబెడతాడు. నాకు కడుపు మండిపోతోంది. రాస్తే తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

మార్చి 5

తగ్గలేదు.

మార్చి 11

విమానదాడుల రోజుల్లో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ల మాటలు రికార్డు చేస్తుందట. మీ అమ్మగారిని కలవొచ్చా మేడమ్ అని అడిగింది. నాకు లోపల నవ్వొచ్చింది. యుద్ధం మాటెత్తితే అమ్మ లేచి పక్క గదిలోకి వెళ్లిపోతుంది. స్కూల్లో వ్యాసం రాయాలని నేనెంత బతిమాలినా, నాకేం గుర్తులేదే అనేసింది. వెళ్లమ్మా, హాయిగా వెళ్లు అన్నాను. ముఖం వేలాడేసుకుని తిరిగొస్తుందని నా ఆశ.

మార్చి 14

మూడు గంటలు! మూడు గంటలు మాట్లాడిందట అమ్మ!

ఇంటికొచ్చేసరికి సింక్‌లో రెండు టీ కప్పులు. అవీ బీరువాలోవి, చుట్టాలొస్తే తప్ప తియ్యనివి. ఏం చెప్పావమ్మా అన్నాను. ఏవో పాత సంగతుల్లే, నీకెందుకు అంది. పైగా, ఆ పిల్ల ఎంత బుద్ధిగా వింటుందో అని మెచ్చుకోలు. నాకు యాభై మూడేళ్లు. అమ్మ నన్ను బుద్ధిమంతురాలన్న రోజు ఒక్కటీ గుర్తురావడం లేదు.

మార్చి 15, ఉదయం 11.20

నా టేబుల్ మీదకి ట్రేలో ఒక టార్చ్ వచ్చింది. రేకుది. ఒక పక్క సొట్ట. పై నుంచి విమానాలకు వెలుగు కనపడకుండా అద్దానికి నీలి కాగితం అంటించి, మధ్యలో చిల్లుగవ్వంత ఖాళీ వదిలారు. ఇచ్చినవారు: మా అమ్మ.

నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఇదెక్కడుంది? ఒక్కసారైనా నా కంటపడలేదే. ముక్కూ మొహం తెలియని పిల్ల చేతిలో పెట్టేసింది.

సాయంత్రం 5

రిజిస్టర్‌లో రాశాను: చరిత్ర నిర్ధారణ కాలేదు, ప్రదర్శనకు పనికిరాదు. సంతకం చేశాను. చేతిరాత ముత్యాల్లా కుదిరింది.

మార్చి 19

ఆ అమ్మాయి దెబ్బలాటకి వస్తుందనుకున్నాను. రాలేదు. రికార్డింగ్ తెచ్చి నా ముందు పెట్టింది. మీరు వింటే నిర్ధారణ అవుతుందేమో మేడమ్ అంది. అమ్మగారిని అడిగే తెచ్చానంది. వింటే విననీ, దాని ఎదురుగా మాత్రం నేను చెప్పలేను అందట అమ్మ.

మార్చి 20

విన్నాను.

తాతయ్య వాళ్ల వీధికి వార్డెన్. సైరన్ మోగితే ఇళ్లల్లో దీపాలు ఆర్పించి, అందరినీ నేలమాళిగలోకి దింపడం ఆయన పని. అప్పుడు అమ్మకు తొమ్మిదేళ్లు, చెల్లెలికి ఆరు. అమ్మకు ఒక చెల్లెలు ఉండేదని నాకు ఇవాళే తెలిసింది. చీకటంటే భయమని టార్చ్ ఎప్పుడూ చెల్లెలి చేతికే ఇచ్చేవాడట తాతయ్య. అది చూసి అమ్మకు మంట. కుళ్లే తల్లీ, వేరే పేరెందుకు అంది అమ్మ. ఒకసారి దాడి మొదలయ్యాక టార్చ్ లాక్కుని మెట్లు దిగి పరిగెత్తింది. చెల్లెలు వెలుతురు లేక పై మెట్టు మీదే నిలబడిపోయింది. గోడ అక్కడే కూలింది.

కింద అమ్మ చేతిలో టార్చ్ వెలుగుతూనే ఉందట. ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు. నువ్వైనా దక్కావని తాతయ్య వాటేసుకుని ఏడ్చాడట. డెబ్భై అయిదేళ్లు ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

మీ అమ్మాయికి చెప్పలేదా అని ఆ పిల్ల అడిగింది. అమ్మేమో, దానికెలా చెబుతానమ్మా, అది నన్ను మంచిదాన్నని అనుకుంటోంది, నువ్వు నాకేమీ కావు కాబట్టి చెప్పగలిగాను అంది.

ఆ "నువ్వు నాకేమీ కావు" అన్న ముక్క వెనక్కి తిప్పి రెండుసార్లు విన్నాను. ముందు సంతోషించాను. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది. ఏది ముందో దాచకుండా రాస్తున్నాను.

మార్చి 21

ఆ అమ్మాయి దగ్గరికెళ్లి, కుళ్లుతోనే అలా రాశానని చెప్పేశాను. తెలుసు మేడమ్ అంది. టార్చ్ పనికిరాదన్న రోజే, ఎవరిదో ఏమిటో తెలియని తుప్పు పట్టిన టిఫిన్ డబ్బాని ప్రదర్శనకు సరేనని రాశానట! పాత రాత కొట్టేసి, టార్చ్ చరిత్ర అంతా రాశాను.

ఇంటికెళ్లి విన్నానని చెప్పాను. అమ్మ గోడ వైపు తిరిగి, ఇప్పుడేమనుకుంటున్నావే అంది. నాది అచ్చం నీ పోలికేనని అనుకుంటున్నాను అన్నాను. నేను చేసిన నిర్వాకం చెప్పాను. అమ్మ గిరుక్కున ఇటు తిరిగి, పాపం ఆ పిల్లని అంత ఏడిపిస్తావా అని నన్ను తిట్టింది.

మళ్లీ ఆ పిల్లే!

ఏప్రిల్ 6

గ్యాలరీ తెరిచారు. పాత సైరన్ ఒక్క నిమిషం మోగించారు. అమ్మకు ఒక పక్క ఆ అమ్మాయి, ఇంకో పక్క నేను. అమ్మ గభాలున ఒక చెయ్యి పట్టుకుంది. ఒక్కటే. ఎవరిదో రాయడానికి సిగ్గుగా ఉంది.

నాది.