రాట్నం గొంతు

12-6-1983, ఆదివారం
నెలన్నర నోరు విప్పొద్దన్నారు డాక్టరుగారు. గుసగుసలు కూడా పనికిరావట. మాట్లాడకూడదు కాబట్టి రాస్తున్నాను. కాలేజీ రోజుల నుంచీ లంకా బీట్స్‌కి లీడ్ సింగర్ని నేనే. మొన్న కాకినాడలో గొంతుకి ఆపరేషన్ అయింది. ఇంతకంటే రాయాలని లేదు.

15-6-1983
నేను మాట్లాడటం లేదని మా ఆవిడ రాజ్యం కూడా సైగలే చేస్తోంది. నీకేమైందే అని అడగటానికి లేదు. నవ్వొచ్చింది. నవ్వకూడదట.

2-7-1983
శరభయ్య వచ్చాడు. మా గిటారిస్టు. పలివెలలో పొద్దున్న వేదం చెప్పి, సాయంత్రం ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకునే మనిషి. మద్రాసు క్యాసెట్ కంపెనీ మా ఆల్బమ్‌కి ఒప్పుకుందట. కోనసీమ పనిపాటల పాటలకి రాక్ బీట్ కట్టాలని ఎన్నాళ్ల నుంచో నేను పోరుపెడుతున్న ఆల్బమ్. ఆగస్టు ఆఖరులోగా రికార్డింగ్ అయిపోవాలి, లేకపోతే ఛాన్సు ఇంకో బ్యాండుకి పోతుంది. కొత్త సింగర్ని చూసుకోవాలి అన్నాడు, నేలచూపులు చూస్తూ. తలూపాను. అతను వెళ్లాక పెరట్లోకి పోయి ఏడ్చాను. చప్పుడు చెయ్యకుండా ఏడవటం ఇంత కష్టమని తెలీదు.

9-7-1983
సింగర్ దొరికిందట. మా డ్రమ్మర్ అంజిబాబు వాళ్ల అత్తగారు!

10-7-1983
పేరు వీరాయమ్మగారు. ఊరు ఐనవిల్లి. యాభై దాటాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ కొబ్బరి పీచు తాళ్లు పేనుతున్నారు, పేనుతూ పాడుతున్నారు. కొత్తపేటలో మేం రిహార్సల్ చేసుకునే కొబ్బరి గోడౌన్‌కి వచ్చి, మైకుని ఒకసారి పైనుంచి కిందకి చూసి మొదలెట్టారు. అత్తగారి ముందు కుర్చీలో కూచునే అలవాటే లేని అంజిబాబు డ్రమ్స్ మీద చెయ్యి వెయ్యడే. గట్టిగా కొట్టు బాబూ, అన్నం తినలేదా అని ఆవిడే గదిమారు.

కిటికీల నిండా జనం. ఆవిడ ఒక్కో చరణం పాడుతుంటే ఆయ్, ఆయ్ అని ఒకటే సందడి. నాకు కుళ్లుగా ఉంది. కుళ్లుకుంటూనే ఒళ్లంతా పులకరించింది. రెండూ నిజమే.

28-7-1983
ఇవాళ నోరు విప్పాను. గరగర. చెక్కకి ఆకురాయి పట్టినట్టుంది. బాగానే ఉందంది రాజ్యం. అబద్ధం చెప్పటం దానికి ఎప్పుడూ చేతకాదు.

24-8-1983, రైల్లో
శరభయ్య నాక్కూడా టిక్కెట్ తీసేశాడు. నీ ఆల్బమ్ నువ్వు లేకుండా ఏమిటన్నాడు. ఆంప్లిఫయర్ మొయ్యటానికి మనిషి కావాలి కాబోలు అనుకున్నాను. నా బుద్ధి అలా ఉంది.

25-8-1983, మద్రాసు
ఈ రోజు సంగతి మర్చిపోకముందే రాసెయ్యాలి.

రికార్డింగ్ థియేటర్‌లో అద్దాల గది. ఎర్ర లైటు వెలిగితే ఎవరూ కిక్కురుమనకూడదు. వీరాయమ్మగారు మొదటి చరణం అందుకున్నారు. అద్భుతం. అక్కడే ఆగిపోయారు. వాయిద్యాలు ముందుకెళ్లిపోయాయి. మళ్లీ మొదలు. మళ్లీ అక్కడే. భోజనాలయ్యాక కూడా అదే వరస. థియేటర్ మాకు సాయంత్రం వరకే. ఇంజనీరు వాచీ చూసుకుంటున్నాడు. నేను చుట్టిన వైర్లే మళ్లీ విప్పి చుడుతున్నాను. పాడేది నేను కాకపోయినా ఆల్బమ్ నాదే కదా.

శరభయ్య మెల్లిగా అడిగితే చెప్పారు. తాడు పేనేటప్పుడు ఆవిడ పీచు అందిస్తూ వెనక్కి నడుస్తారు. అవతల రాట్నం తిప్పే మనిషి చరణం చరణానికీ ఆయ్ అనాలి. ఆయ్ వినపడితే పురి సరిగ్గా పడుతున్నట్టు. వినపడకపోతే ఎక్కడో తాడు తెగినట్టే, ఆగి చూసుకోవాలి. ఆగకుండా పాడదామన్నా గొంతు దానంతటదే ఆగిపోతోందట. కొత్తపేటలో కిటికీల్లో జనం అనేస్తుంటే ఆ సంగతి మా బుర్రలకి తట్టనేలేదు.

శరభయ్య తనే ఆయ్ అని చూశాడు. వేదం చెప్పినట్టు స్వరం పెట్టి అన్నాడు. ఆవిడ పెదవి విరిచారు. అంజిబాబు ఆయ్‌లో భయం తప్ప ఇంకేం లేదు. అప్పుడు మూల వైర్లు చుడుతున్న నా వైపు చెయ్యి చూపించారు.

"ఆ జగ్గారావుగారిని అనమనండి. ఆయన గొంతు అచ్చం మా రాట్నంలాగే ఉందండీ."

ఇంకెవరన్నా ఆ మాట అంటే సిగ్గుతో చచ్చేవాణ్ని. వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆవిడ పాడారు. ఆయ్ అన్నాను. ఆవిడ కళ్లు మూసుకున్నారు. ఇంకో చరణం. ఆయ్. వెనక్కి అడుగెయ్యబోయి, మైకు గుర్తొచ్చి ఆగారు. ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు. ఆఖరి పాటకి అద్దం అవతల అరవ ఇంజనీరు పెదాలు కూడా ఆయ్ అని కదిలాయి.

నా గొంతు ఎందుకు తీసుకున్నావని ఇన్నాళ్లూ దేవుణ్ని నిలదీశాను. ఇవాళ ఆయనకీ, శరభయ్యకీ, ఆ మహాతల్లికీ మనసులోనే దణ్ణాలు పెట్టుకున్నాను.

19-10-1983
క్యాసెట్ వచ్చింది. అట్ట మీద అచ్చేశారు. గానం: వీరాయమ్మ. ఆయ్: జగ్గారావు. రాజ్యం అది పట్టుకుని వీధంతా తిరిగొచ్చింది.

5-11-1983
కాకినాడ వెళ్లాను. పాత గొంతు ఇక రాదు, ఇదే ఉంటుందన్నారు డాక్టరుగారు. కోటిపల్లి రేవు దాటి, ముక్తేశ్వరంలో దిగి, ఐనవిల్లి వెళ్లి వీరాయమ్మగారికి చెప్పాను. అయ్యో అంటారనుకున్నాను. అమ్మయ్య అన్నారు. ఎక్కడ బాగుపడిపోతుందోనని ఆవిడకి బెంగట.

దారంతా నవ్వుకుంటూ వచ్చాను. నవ్వు కూడా గరగరలాడింది.

6-11-1983
రెండో క్యాసెట్ మొదలెడదామా అని వీరాయమ్మగారు కబురంపారు.

ఆయ్.