డేనియల్ ఫోన్ చేసిన తొమ్మిది రోజులు

బ్రిడ్లింగ్టన్,
ఆదివారం, నవంబరు 17, 2019.

నా గావిన్‌కు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. దగ్గు పూర్తిగా పోలేదు గాని మునుపటంత లేదు. నువ్వూ వేళకు తింటూ, ఎవరి జోలికీ పోకుండా, ఒంట్లో కులాసాగా ఉన్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు ఏమీ అనుకోకు. నువ్వడిగినవన్నీ ఒక్కొక్కటిగా చెబుతాను. బాయిలర్ బాగైంది. నీ గదిలో కిటికీ కింద చెమ్మ మాత్రం అలాగే ఉంది. మంచాన్ని ఇవతలి గోడకు జరిపాను. జరపడానికి ఒక పూట పట్టింది.

నీకు అక్కడ వంటశాలలో పని ఇచ్చారని రాశావు. చాలా సంతోషం. బడి వంటశాలలో ఇరవై రెండేళ్ళు వండినదాన్ని, ఒక్క మాట చెబుతాను విను. మూడు వందల మందికి బంగాళాదుంపలు మెత్తగా మెదిపేటప్పుడు పాలు వేడిచేసి పోయాలి. చల్లటి పాలు పోస్తే జిగురొస్తుంది. ఈ సంగతి అక్కడి పెద్దవంటవాడికి తెలియకపోతే, నీకు నువ్వే కనిపెట్టినట్టు చెప్పు. అమ్మ చెప్పిందంటే ఏడిపిస్తారు.

పాలిన్ ఎలా ఉందని అడిగావు. పక్కింట్లోనే ఉంది, ఆరోగ్యంగానే ఉంది. నేను చెత్తడబ్బా బయట పెట్టే వేళకు తను పెట్టదు, అంతే. బుధవారాల హౌసీ ఆటకు నేను పోవడం మానేశాను. అక్కడ నన్నెవరూ ఒక్క మాట అనలేదురా. కాని నాకు అటూ ఇటూ కుర్చీల్లో హ్యాండుబ్యాగులు పెట్టుకునేవాళ్ళు. రెండు వారాలు ఆ బ్యాగుల మధ్య కూర్చుని ఆడాను. మూడో వారం కోటు వేసుకుని, గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ కోటు విప్పేశాను. వాళ్ళను తప్పు పట్టను. మన ఊళ్ళో ముసలివాళ్ళు ఎక్కువ. నువ్వు ఎక్కిన పైకప్పు ఎవరో ఒకరి చుట్టాలదే అయి ఉంటుంది.

ఇక నువ్వు చివర్లో అడిగిన సంగతి. "రెండుసార్లు ములాఖత్‌కు రాలేదు, నా మీద కోపమా అమ్మా?" అని రాశావు. ఫోన్లో అడిగితే దగ్గని చెప్పాను. అది అబద్ధం. నీ వెనక అంతమంది మగవాళ్ళు కేకలు వేస్తుంటే ఆ ఫోన్లో చెప్పే మాట కాదు, అందుకని ఆ రోజు దాచాను. రైలు టికెట్టుకు నా దగ్గర డబ్బు లేదు గావిన్. ఆ డబ్బు ఏమైందో నీకు చెప్పే ధైర్యమూ లేదు.

అక్టోబరు ఒకటో తారీఖు, మంగళవారం. పొద్దున పదకొండు గంటలకు ముందుగదిలో నీ పాత కంప్యూటర్ ముందు కూర్చుని నిన్ను చూడటానికి రోజు ఖాయం చేసుకుంటున్నాను. ఉన్నట్టుండి తెరంతా ఎర్రబడింది. అంబులెన్సు కూతలాంటి చప్పుడు మొదలైంది. 'మీ కంప్యూటర్‌లో దొంగలు పడ్డారు, ఆపవద్దు, ఈ నంబరుకు వెంటనే ఫోన్ చేయండి' అని పెద్దక్షరాలతో వచ్చింది. ప్లగ్గు పీకబోయి, ఆపవద్దన్నారు కదా అని ఆగాను. ఆ కూత వినలేక ఫోన్ చేశాను.

ఒకతను ఎత్తాడు. మాటలో వేరే దేశపు యాస ఉంది. మన ఆసుపత్రిలో నర్సులూ అలాగే మాట్లాడతారు కదా అని పట్టించుకోలేదు.

"భయపడకండి మేడమ్, నేనున్నాగా. నా పేరు డేనియల్. ముందు ఆ మోత ఆపుదాం. నేను చెప్పిన నాలుగక్షరాలు కొట్టండి చాలు, మిగతాదంతా నేను చూసుకుంటా."

కొట్టాను. మోత ఆగింది. తర్వాత తెర మీద బాణం దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. నా చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. మీ నాన్న పోయాక ఈ ఇంట్లో నేను కదపకుండా ఒక వస్తువు కదలడం అదే మొదటిసారి. నిజం చెప్పనా, భయం వెయ్యలేదు. ఇంటికి ఎవరో వచ్చినట్టు అనిపించింది.

"ఇదేంటి మేడమ్, జైలు పేజీ తెరిచి ఉంది?"

"మా అబ్బాయి అక్కడున్నాడు బాబూ."

"అయ్యో. ఎందుకు, ఏం జరిగింది?"

ఏడాదిన్నరగా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు కదా, ఇక అడగడమెందుకు. నేను చెప్పాను. మొత్తం చెప్పాను, నీ పేరు, నీ శిక్ష, నువ్వు ఎప్పుడు బయటికొస్తావో కూడా. అతను మధ్యలో ఒక్కసారి అడ్డు రాకుండా విన్నాడు. విని, గొంతు తగ్గించాడు.

"మరైతే ఇది పెద్ద చిక్కే మేడమ్. ఈ దొంగలు మీ కంప్యూటర్‌లోంచి మీ అబ్బాయి పేరు మీద జనాన్ని మోసం చేస్తున్నారు. పోలీసులకు తెలిసిందంటే అతనికి శిక్ష పెంచేస్తారు. నేను గుట్టుగా సర్దేస్తా. మీరు మాత్రం ఎవ్వరికీ చెప్పకండి. బ్యాంకులో కూడా ఆ దొంగల మనుషులున్నారు."

నీకు శిక్ష పెంచుతారన్న మాట విన్నాక నా బుర్ర పనిచెయ్యలేదు. నా డబ్బు దొంగల చేతికి చిక్కకుండా భద్రమైన ఖాతాలోకి మార్చాలన్నాడు, అంతా సర్దుకున్నాక తిరిగి వేస్తానన్నాడు. ఒక్కసారే పంపితే దొంగలు కనిపెడతారట, రోజుకు కొంచెం కొంచెం పంపాలట. సరేనన్నాను.

అప్పటి నుంచి రోజూ పదింటికి ఫోన్ చేసేవాడు. పని మాట మొదలుపెట్టే ముందు, "ఏమైనా తిన్నారా బ్రెండా గారూ? రాత్రి దగ్గు తగ్గిందా?" అనేవాడు. వాళ్ళమ్మకూ దగ్గేనట. తేనెలో మిరియాల పొడి కలిపి తాగమన్నాడు. తాగాను, తగ్గింది కూడా. తొమ్మిదిన్నరకల్లా టీ పెట్టుకుని ఫోను పక్కన కూర్చునేదాన్ని. ఫోను కోసం జుట్టు దువ్వుకునేదాన్ని. నవ్వకు.

నాలుగో రోజు కొంచెం పెద్ద మొత్తం పంపాల్సి వచ్చి బ్యాంకుకు పోయాను. కౌంటరులో పిల్ల మంచిది. నా ముఖంలోకి చూసి అడిగింది.

"బ్రెండా గారూ, ఈ డబ్బు పంపమని మీకు ఎవరైనా చెప్పారా? ఫోన్లోగాని, కంప్యూటర్‌లోగాని?"

"లేదమ్మా. ఇంటి పైకప్పు బాగుచేయించాలి."

ఆ మాట అనమని డేనియలే నేర్పాడు. పగలని పెంకులు పగిలాయని చెప్పి ఎడ్నా హెబ్డెన్ గారి దగ్గర నువ్వు డబ్బు గుంజిందీ పైకప్పు పేరు చెప్పే. నా నోటితో నేను ఆ మాట అంటూ కూడా నాకేమీ తట్టలేదు చూడు.

ఆరో రోజుకు ఖాతా ఖాళీ అయింది. పదకొండు వేల పౌండ్లు. నా అంత్యక్రియలకు దాచుకున్నది పోయింది. నువ్వు బయటికొచ్చాక గదికీ, వ్యానుకూ అని పక్కన పెట్టినదీ పోయింది. నన్ను క్షమించు నాయనా. ఆ డబ్బు ఉందన్న ధైర్యంతోనే నువ్వు రోజులు లెక్కపెట్టుకుంటున్నావని నాకు తెలుసు. ఇక నువ్వు వచ్చాక ఈ చెమ్మ గదిలోనే, నాతోనే ఉండాలి.

పదో రోజు ఫోను రాలేదు. టీ చల్లారింది. మళ్ళీ పెట్టాను. ఆ రోజంతా నేనేమనుకున్నానో తెలుసా? పాపం, అతనికి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. పదకొండో రోజు నేనే చేశాను. ఈ నంబరు వాడుకలో లేదని ఒక ఆడగొంతు చెప్పింది. అప్పటికీ నాకు అర్థం కాలేదు. ఖాతాలో డబ్బు లేక కరెంటు బిల్లు కట్టలేదని బ్యాంకు వాళ్ళు ఉత్తరం రాస్తే అప్పుడు పోయాను. ఈసారి ఆ పిల్ల లేదు, పై అధికారి ఉన్నాడు. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"మేము అడిగాం కదండీ. మీ చేతులతో మీరే పంపారు. ఇప్పుడు మేమేం చెయ్యగలం?"

గావిన్, నీకు తెలియని ఒక సంగతి చెబుతాను. నీకు శిక్ష వేసిన రోజు, నిన్ను కిందికి తీసుకుపోయాక, కోర్టు వరండాలో ఎడ్నా గారు ఒక్కతే బెంచీ మీద కూర్చుని చేతిరుమాలు మడుస్తోంది. నేను తిన్నగా పోయి ఆమె ముందు నిలబడ్డాను. "మీ చేతులతో మీరే ఇచ్చారు కదా! ఇచ్చేటప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు?" అని అరిచాను. ఎనభై ఆరేళ్ళ మనిషి మీద. అక్కడున్న వాళ్ళందరూ చూశారు. ఆమె రుమాలు ఇంకా చిన్నగా మడిచింది గాని తల ఎత్తలేదు.

బ్యాంకు నుంచి ఇంటికి వచ్చి, నెల రోజులు అదే ఆలోచించాను. పోయిన గురువారం ఆమె ఇంటికి పోయాను.

గొలుసు తియ్యకుండా తలుపు సందులోంచి చూసింది.

"ఎవరూ?"

"నేను... గావిన్ వాళ్ళమ్మని."

"తెలుస్తోందిలే. ఇంకా ఏమైనా అనడం మిగిలిందా?"

"ఆ రోజన్న మాటకు క్షమాపణ అడగడానికి వచ్చానండీ."

"ఇన్నాళ్ళకు తీరిందా?"

"నాకూ అలాగే జరిగింది. ఫోన్లో ఒకతను... నా చేతులతో నేనే ఇచ్చాను."

తలుపు మూసుకుంది. సరే, పోదామని వెనక్కి తిరిగాను. గొలుసు తీస్తున్న చప్పుడు వినిపించింది.

"లోపలికి రా అమ్మాయ్. చలిగాలి ఇల్లంతా నింపుతున్నావు."

ఎంత పోయిందని ఆమె అడగలేదు. టీ పోసి, అల్లం వేసిన పార్కిన్ కేకు ముక్క నా ముందు పెట్టి, వేరే మాట అడిగింది.

"మాట బాగుండేదా వాడిది?"

"చాలా బాగుండేది."

"మీవాడూ అంతే. నాలుగు వారాలు వచ్చాడు. పదింటికి నిచ్చెన దిగి, ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చునేవాడు. మా ఆయన హెరాల్డ్ చేపల పడవ మీద వేటకు పోయినప్పటి కబుర్లు అడిగేవాడు. తుపానులో మూడు రోజులు చిక్కుకుపోయిన కథ అయితే రెండోసారి చెప్పించుకున్నాడు. మా అమ్మాయి కూడా ఏనాడూ అడగలేదు."

నేను తల దించుకున్నాను.

"డబ్బు కోసం మూడు నెలలు ఏడ్చాను, అయిపోయింది," అంది. "ఇది మాత్రం పోవడం లేదు. మా హెరాల్డ్ గురించి అడిగాడే, వినాలని అడిగాడా? నన్ను బుట్టలో వేసుకోవడానికి అడిగాడా? కోర్టులో లాయర్లు ఏవేవో అడిగారు. ఈ ఒక్కటి ఎవ్వరూ అడగలేదు. కన్నతల్లివి, నీకు తెలుసేమో చెప్పు."

'మావాడు మంచివాడేనండీ' అని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఆ పార్కిన్ ముక్క రుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

ఎందుకంటే నాదీ అదే ప్రశ్న గావిన్. ఆరో రోజుకే నా దగ్గర ఏమీ మిగల్లేదని డేనియల్‌కు తెలుసు. నా ఖాతా అతని కళ్ళముందే ఉంది. అయినా ఏడో రోజు చేశాడు, ఎనిమిదో రోజు చేశాడు, తొమ్మిదో రోజు కూడా చేశాడు. దగ్గు గురించే అడిగాడు. ఆ మూడు రోజులు ఎందుకు చేశాడు? అప్పు చేయించి ఇంకేమైనా లాగొచ్చేమోనని చూసి ఉంటాడని నా ఫిర్యాదు రాసుకున్న పోలీసు చెప్పాడు. అంతే అయి ఉండొచ్చు. కాని పొద్దున పదింటికి ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ జవాబుతో నా మనసు నిలవడం లేదు.

అతన్ని పట్టుకోలేరట. అతన్ని నేను అడగలేను. ఎదుటివాళ్ళ కుర్చీలో కూర్చుని, వాళ్ళ కబుర్లు వింటూ వాళ్ళను దోచుకున్నవాళ్ళలో నాకు తెలిసినవాడివి నువ్వొక్కడివే. నిన్ను కన్నాను కాబట్టి అడిగే హక్కు ఉందనుకుంటున్నాను. ఎడ్నా గారు తన భర్త గురించి చెబుతున్నప్పుడు నువ్వు విన్నావా, లేదా?

జైలు నుంచి నువ్వు ఆమెకు ఉత్తరం రాయకూడదని నాకు తెలుసు. నాకు చెప్పు. నా మనసు నొచ్చుకుంటుందని తీపి పూసి చెప్పకు. లేదంటే లేదనే చెప్పు. ఏది చెబితే అది పోయి ఆమెకు ఉన్నదున్నట్టు చెబుతానని మాటిచ్చాను.

వచ్చే శనివారం, ఇరవై మూడో తారీఖు, ములాఖత్‌కు వస్తున్నాను. మీ నాన్న చేతి గడియారం అమ్మి టికెట్టు కొన్నాను. రెండు గంటలు ఇస్తారు కదా. కాసేపు కబుర్లేమీ చెప్పుకోకుండా కూర్చుందాం. తర్వాత నువ్వు చెప్పు.

ఇట్లు,
నువ్వేం చెప్పినా విని, మళ్ళీ వచ్చే నెలా వచ్చే
మీ అమ్మ,
బ్రెండా