రెండోసారి చదవని మాట

అమ్మలూ,

నిన్న సాయంత్రం ఆరింటికి మీ నాన్న నీ సంగతి అడిగారు. బస్టాండులో తాను మాట్లాడిపెట్టిన ఉద్యోగం కాదని నువ్వు వడ్రంగం పనిలో చేరిన దగ్గర్నుంచి, ఈ రెండేళ్లలో ఇదే మొదలు.

చెల్లి పాఠంలో ఒక నాటకముంది. యుద్ధం వద్దన్న కూతుర్ని రాజు కోటలోంచి వెళ్లగొట్టే రంగం దానికి పరీక్షకుంది. రాజు మాటలు చదివిపెట్టమని నాన్నను కూర్చోబెట్టింది. రోజూ మైకులో బస్సుల రాకపోకలు చెప్పే మనిషి కదా, అలవాటు కొద్దీ ప్రతి వాక్యం రెండేసిసార్లు చదివారు.

"నాన్నా, ఆయన రాజు. ఒక్కసారి చెబితే చాలు, అందరూ వింటారు!" అని చెల్లి పడీపడీ నవ్వింది. ఆయనా నవ్వారు గానీ మానలేదు.

"నా గడప దాటి వెళ్లిపో" అన్నది మాత్రం ఒక్కసారే చదివారు. కళ్లజోడు తీసి, "చివరికి ఏమవుతుందే?" అని అడిగారు.

"రాజు కబురు పంపేసరికి ఆ పిల్ల ప్రాణాలతో ఉండదు నాన్నా."

పుస్తకం మూసి, నాతో, "పెద్దది చేసే కుర్చీలు మనిషి కూర్చుంటే ఆగుతున్నాయా? ఒకసారి వచ్చి చెప్పమను" అన్నారు. ఆయన పిలుపు అలాగే ఉంటుంది, నీకు తెలుసు.

ఆదివారం పొద్దున పదింటికి మీ ఊరి బస్సు ఇక్కడికి చేరుతుంది. ఎక్కి రా. ఆ పూట మైకు దగ్గర నాన్నే ఉంటారు. నీ బస్సు వచ్చిందని రెండుసార్లు చెబుతారు.

అమ్మ