ఏడుపుకి రెండు మార్కులు

జూన్ 9, దామంజోడి

మామ్మ పోయిన రోజు నేను ఏడవలేదట. పదకొండో రోజు భోజనాల దగ్గర కూడా అదే మాట. బయట డాక్టర్ల ముందు ఏడుస్తాది, ఇంట్లో రాయిలాగ కూసుంటాది అని అత్త. ఏటమ్మీ, మామ్మంటే నీకంత సులకనా అని అమ్మ. ఆఖరి నెలంతా మామ్మకి ఒళ్లు తుడిచిందెవరో ఇద్దరూ మర్చిపోయేరు. 

జూన్ 11, కొరాపుట్

నా ఉద్యోగం ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. ఆస్పత్రిలో కొత్త ఇంటర్న్‌లకి చావు కబురు చెప్పడం నేర్పుతారు. క్లాసులో నాది మొగుడు పోయిన మనిషి వేషం. వాళ్లు వచ్చి కూర్చుని చెప్తారు. నేను ఏడుస్తాను. మార్కుల షీట్‌లో ఒక లైను: బంధువు ఏడవగానే మాట ఆపాడా? రెండు మార్కులు.

ఈరోజు పన్నెండు మంది, పన్నెండు ఏడుపులు. పృథ్వీరాజ్ ఫస్ట్. కుర్చీ దగ్గరకి లాక్కోడం, నీళ్ల గ్లాసు, మౌనం, అన్నీ కరెక్ట్. క్లాసు నడిపే తాతాజీ సార్ చప్పట్లు కొట్టించేరు.

జూన్ 12

తొమ్మిది ఏడుపులు. ఆఖరి రెండూ కళ్లకి గ్లిజరిన్ రాసుకుని.

జూన్ 17, మధ్యాహ్నం 3

పృథ్వీరాజ్ నన్ను వెతుక్కుంటూ వచ్చేడు. వార్డులో అతనికి మొదటి నిజం చావు. తవిటమ్మ అని, రాయగడలో మునిసిపాలిటీ రోడ్లు ఊడుస్తుంది. ఆవిడ మొగుడు పోయేడు. ఇతను కూర్చుని, నీళ్లిచ్చి, నేర్చుకున్నట్టే చెప్పేడట. ఆవిడ ఏడవలేదు. అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పేడు. మూడోసారి గట్టిగా, వార్డంతా తిరిగి చూసేటట్టు. మొదటిసారే ఇన్నాను బాబూ, నా మొగుణ్ణి ఇంకెన్నిసార్లు సంపుతావు అందట.

మీరు వెంటనే ఏడ్చేసేవారు కదా మేడమ్ అన్నాడు. దెప్పడం కాదు. నిజంగానే అడిగేడు.

సాయంత్రం 6

శవాన్ని తీసుకెళ్లే బండి కోసం తవిటమ్మ గేటు దగ్గర కూర్చునుంది. పక్కన కూర్చున్నాను. దారిలో లక్ష్మీపూర్ ఘాటీలో వానుందా అని అడిగింది. మా అత్తకి ఫోన్లో సెప్పాలా, ఎల్లి సెప్పాలా అంది. మొగుడి చెప్పులు కవర్లో పెట్టి ముడేసింది. విప్పి మళ్లీ ముడేసింది.

మామ్మ పోయిన రోజు నేను ఆవిడ మందు సీసాలన్నీ సైజు ప్రకారం సర్దేను.

జూన్ 18

రేపటి క్లాసులో ఏడవనని సార్‌తో చెప్పేను. మరి ఆ రెండు మార్కులు ఎలా వెయ్యాలి సుధా అన్నారు. ఇంకో మనిషిని చూసుకోవలసొస్తుందనీ అన్నారు, మెత్తగానే. అమ్మ ఫోన్లో ఒకటే గోల. ఉజ్జోగం పోగొట్టుకుంటావేటమ్మీ, ఏడిస్తే నీ సొమ్మేటి పోయింది అని.

జూన్ 19

పదకొండు మంది. ఏడవలేదు. పది మంది మార్కుల షీట్ వైపు చూసేరు. సస్మిత ఒక్కర్తే, ఇంక ఎవరికి కబురు పెట్టాలమ్మా అని అడిగింది.

రేపూ ఏడవను.